సీరియల్ సెట్టు

డిసెంబరు వస్తే యానాంలో మా అడవిపొలం వైపు ఇళ్ళ ముందు కాగితపు నక్షత్రాలు వేలాడతాయి. వాటి చుట్టూ కట్టే రంగుల బల్బుల దండని మేం సీరియల్ సెట్టు అంటాం. టీవీ సీరియల్‌కీ దీనికీ చుట్టరికం లేదు. కరెంటు ఒక బల్బులోంచి రెండోదాంట్లోకి, అక్కణ్ణుంచి మూడోదాంట్లోకి వరసగా పోతుంది కాబట్టి ఆ పేరు. దీని సుఖం, కష్టం రెండూ ఆ వరసలోనే ఉన్నాయి.

ఒకప్పుడు క్రిస్మస్ చెట్టుకి కొవ్వొత్తులే వెలిగించేవారు, ఇల్లు అంటుకుంటుందేమోనని బిక్కుబిక్కుమంటూ. 1882 డిసెంబరు 22న న్యూయార్కులో, ఎడిసన్ కంపెనీ ఉపాధ్యక్షుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో చెట్టుకి ఎరుపు, తెలుపు, నీలం బల్బులు 80 కట్టించి చూపించాడు. చెట్టు కూడా కరెంటుతోనే గిర్రున తిరిగింది. భక్తి ఎంతో గానీ, కంపెనీకి ప్రచారం మాత్రం బాగా జరిగింది. ఆ తర్వాత కూడా ఇరవై ఏళ్ళు అది డబ్బున్నవాళ్ళ ముచ్చటే. వైర్లు కలపడానికి ఎలక్ట్రీషియన్ రావాలి మరి. 1903లో జనరల్ ఎలక్ట్రిక్ ముందే వైరు కట్టిన సెట్లు అమ్మడంతో ఆ బాధ తప్పింది.

వరసలో కడితే వోల్టేజీని బల్బులు పంచుకుంటాయి. మన 230 వోల్టుల్ని 46 బల్బులు పంచుకుంటే తలా 5. ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, చిన్న బల్బు చాలు, చవక. కానీ ఒక్క ఫిలమెంటు తెగిందా, దండంతా చీకటి.

మా నాన్నగారు దండని అరుగు మీద పరిచి, మంచి బల్బు ఒకటి పట్టుకుని, ఒక్కో హోల్డర్‌లో మార్చి మార్చి చూసేవారు. గోదావరి చెమ్మకి రాగి తీగలు పచ్చగా చిలుమెక్కేవి, బ్లేడుతో గీకాలి. ఓపిక నశిస్తే మాడిన బల్బు పీకేసి రెండు వైర్లూ మెలేసేవారు. ఓసారి ప్లగ్గు తియ్యడం మరిచిపోయి షాక్ కొట్టించుకున్నారు. ఇంత బల్బు అంత దెబ్బ కొట్టిందేమిటని ఆయన ఆశ్చర్యం.

నాన్నగారి మెలికనే ఫ్యాక్టరీవాళ్ళు బల్బులో పెట్టారు. ఫిలమెంటు కింద రెండు కాళ్ళకీ చుట్టిన సన్న తీగ, దాని మీద కరెంటుని ఆపే ఆక్సైడు పొర. ఫిలమెంటు తెగగానే వోల్టేజీ మొత్తం ఆ ఒక్క బల్బు మీదే పడుతుంది. పొరకి చిల్లిపడి తీగ దారిస్తుంది. మిగతావి వెలుగుతూనే ఉంటాయి, కాకపోతే భారం పెరిగి త్వరగా మాడతాయి. ఇక మిణుకుమనే సెట్టులో, ఒకటి ఆరితే అన్నీ ఆరే లోపాన్నే ఆటగా మార్చారు. ఒక బల్బులో రెండు లోహాల పట్టీ వేడికి వంగి దారి తెంచుతుంది, చల్లారి కలుపుతుంది. దాంతోపాటు దండంతా ఆరి వెలుగుతుంది.

ఇప్పుడన్నీ ఎల్‌ఈడీలు. ఎర్రది 1962లోనే వచ్చింది, బాగా వెలిగే నీలానికి 1990ల దాకా పట్టింది. ఒక్కోదానికి రెండు మూడు వోల్టులు చాలు కాబట్టి వీటినీ వరసలోనే కడుతున్నారు.

ఇక నాన్నగారి ఆశ్చర్యానికి జవాబు: తలా 5 వోల్టులన్నది దండ వెలుగుతున్నప్పటి లెక్క. ఒక బల్బు పీకితే ఆ ఖాళీ హోల్డర్‌లో కాచుకుని ఉండేది మొత్తం 230. చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు తియ్యండి.