ఒకటి నుంచి నేరుగా మూడుకు

కరోనా కాలంలో చదువుల మాటొస్తే అందరూ ముందు సెల్‌ఫోన్ గురించే అడుగుతారు. జూమ్ క్లాసులు, సిగ్నల్ కోసం మేడెక్కిన పిల్లలు, కెమెరా ఆపేసి పడుకున్న ఇంటర్ కుర్రాళ్లు. నేను నల్గొండ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మా ఊళ్లో ఆన్‌లైన్ అంటే టీవీయే. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ సర్కారు బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. అవి మూడో తరగతి నుంచి పదో తరగతి దాకానే. ఒకటి, రెండు తరగతులకు అవి కూడా లేవు. ఈ సంగతి చాలామందికి ఇప్పటికీ తెలియదు.

పాఠాలను తప్పుపట్టను. చెప్పినవాళ్లు మంచి టీచర్లే, బొమ్మలూ బాగానే చూపించారు. కానీ టీవీలో పాఠం మన కోసం ఆగదు. డిష్ రీచార్జి అయిపోతే అంతే సంగతులు. కరెంటు పోయినా అంతే. మా పని ఏ పిల్లవాడు చూశాడో, ఎవరు చూడలేదో రాసుకుని రోజూ పైకి పంపడం. సాయంత్రం ఫోన్లు చేసేదాన్ని.

"పాఠం చూసినవా బిడ్డా?"

"చూసిన టీచర్."

"ఏం చెప్పిండ్రు?"

కాసేపు ఉలుకూ పలుకూ ఉండదు. తర్వాత, "లెక్కలు."

రిజిస్టరులో 'చూశాడు' అని రాసుకునేదాన్ని. ఆ లెక్కన మా బడి హాజరు భేషుగ్గా ఉండేది!

అక్టోబరు వచ్చేసరికి పత్తి ఏరుడు మొదలైంది. కిలోకు ఇంత అని కూలి. బడి లేదు కాబట్టి తల్లులు పిల్లల్ని వెంట తీసుకుపోయారు. మూడో తరగతి పిల్ల ఒకతి చేను గట్టున చంటి తమ్ముణ్ని ఆడిస్తూ కనిపించింది. "టీవీ సూడలే?" అంటే, "ఇంటికి తాళమేసినం టీచర్" అంది. దానికేం చెప్పను? వర్క్‌షీట్లు చేతిలో పెట్టి వచ్చాను. అవి వారానికల్లా తిరిగొచ్చాయి, అన్నీ ఒప్పే. ఏడో తరగతి చదివే వాళ్లన్న చేతిరాత నాకు బాగా తెలుసు.

2021 ఫిబ్రవరిలో పెద్ద పిల్లలకు బడులు తెరిచారు. ముందు తొమ్మిది, పది తరగతులు, నెలాఖరులో ఆరు నుంచి ఎనిమిది. మార్చి 24న మళ్లీ మూసేశారు. ఈ తెరవడంలో ప్రాథమిక తరగతుల ఊసే లేదు. మా పిల్లలు 2020 మార్చిలో ఇళ్లకు వెళ్లినవాళ్లు వెళ్లినట్టే, 2021 సెప్టెంబరు 1న గానీ బడి మెట్లెక్కలేదు. అంటే ఏడాదిన్నర. ఒకటో తరగతిలో ఉండగా వెళ్లిన పిల్ల వచ్చి మూడో తరగతిలో కూర్చుంది. ఆ మధ్య ఏడాది బడిలో చేరిన పిల్ల ఒకటో తరగతి గది చూడకుండానే రెండో తరగతికొచ్చింది. పై తరగతికి పంపడానికి ఏ అడ్డూ లేదు. అక్షరం మాత్రం ఎక్కడ వదిలామో అక్కడే ఉంది.

ఆ మొదటి వారం బోర్డు మీద 'గిలక' అని రాశాను. మూడో తరగతి పిల్లవాడు వేలు పెట్టి చదివాడు: "గ... ల... క." గుడి వాడి కంటికే ఆనలేదు. అన్నిటికీ తలకట్టే. 'కులము', 'కలము' రెండూ వాడికి ఒకటే. మూడు వందల నాలుగు వేయమంటే 3004 వేశాడు. చెవికి వినబడ్డట్టే వేశాడు పాపం, స్థానాలు నేర్పేది రెండో తరగతిలో కదా. పెన్సిలు పిడికిట బిగించి పట్టుకునేవాళ్లు కొందరైతే, రెండు లైన్లు రాయగానే చెయ్యి విదిలించుకునేవాళ్లు ఇంకొందరు. గుణింతం నేర్పాలంటే పిల్లవాడి చెయ్యి పట్టి దిద్దించాలి, పెదవులు ఎలా తిరుగుతున్నాయో చూపించాలి. మాస్కు వేసుకుని 'కు', 'కో' తేడా చెప్పి చూడండి, తెలుస్తుంది.

అదే ఏడు ప్రైవేటు బడుల నుంచి కూడా పిల్లలొచ్చి చేరారు, ఫీజులు కట్టలేక. అక్కడి టీచర్ల గతి ఇంకా అధ్వానం. జీతాలాగిపోయి ఉపాధి హామీ పనికి వెళ్లినవాళ్లున్నారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం వాళ్లకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది.

నేను తరగతులు పక్కనపెట్టి, ఎవరికి ఎంతవరకు వచ్చో చూసి కూర్చోబెట్టాను. పలకలు, బలపాలు మళ్లీ తెప్పించాను. రెండో తరగతి పుస్తకం ఇచ్చిన మూడో తరగతి పిల్లవాడొకడు మర్నాడే దానికి పేపరుతో అట్ట వేసుకొచ్చాడు, పైన తరగతి కనిపించకుండా. వాణ్ని చూశాక మిగతావాళ్ల పుస్తకాలకూ నేనే అట్టలు వేయించాను. చదవడం, రాయడం, లెక్కల కోసం ప్రత్యేకంగా తొలిమెట్టు కార్యక్రమం వచ్చేసరికి 2022 ఆగస్టు అయింది. అప్పటికి వీళ్లు నాలుగులో ఉన్నారు.

2024లో ఆ జట్టు హైస్కూలుకు వెళ్లింది. అక్కడి తెలుగు సారు ఒకసారి కలిసి, "ఏం టీచర్, మీ పిల్లలకు ఒత్తులు రావు" అన్నారు. ఒకటో తరగతిలో ఏ ఏడు చేరారో ఒకసారి అడ్మిషన్ రిజిస్టరు తీసి చూడమన్నాను.