తపసి బంక - మందుబిళ్ల

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములకు పడమట, నల్లమల రాతికొండలపై తెల్లని బెరడుతో నిలుచు తపసి చెట్టు చాలమందికి పరిచితమే. చెంచులు దాని బెరడునకు గంటు పెట్టి, కారి గట్టిపడిన బంకను కొన్ని దినముల పిదప సేకరింతురు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దీనిని కొనుచున్నది. విదేశములలో ఈ బంకపొడి కట్టుడుపళ్లను చిగుళ్లకు అంటించుటకు చిరకాలముగా వాడుకలో నున్నది. తడి చిగురుపై పళ్లను నిలుపగల పదార్థము మందుబిళ్లను మాత్రము నిలుపలేదా?

నిలుపవలసిన యవసరము లేకపోలేదు. మ్రింగిన మందు ప్రేగులనుండి మొదట కాలేయమునకు పోవును. కొన్ని మందులు అచ్చటనే చాలవరకు నశించును. బుగ్గ లోపలి పొరనుండి రక్తములో చేరు మందునకు ఆ గండము తప్పును. కాని నోట నిరంతరము ఊరు లాలాజలము బిళ్లను కడిగివేయును.

ఆ పొరపై గల జిగటలో మ్యూసిన్ అను పొడవైన అణువులున్నవి. పొడిబంక అచ్చటి తడిని పీల్చి ఉబ్బి, తన అణువుల గొలుసులను మ్యూసిన్ గొలుసులలో పెనవేయును. రెండు నూలుపోగులు చిక్కుపడినట్లని గృహిణులు ఊహింపవచ్చును. అయితే తడి మితిమీరెనా, బంక జారుడై పట్టు సడలును. తపసి బంక నీట 60 రెట్లకు పైగా ఉబ్బునే కాని సులువుగ కరగదు. దానిలో సుమారు 8 శాతముగ నున్న ఎసిటైల్ సమూహములే ఇందుకు ముఖ్యకారణము. నిలువయున్న బంకనుండి వచ్చు పుల్లని ఘాటు ఆ సమూహములు కొన్ని విడివడుట వలననే.

ఇట్టి బంకను రసాయనికముగ సవరింపవచ్చును. క్షారముతో ఎసిటైల్‌ను తొలగించిన బంక నీట కరగి మిక్కిలి చిక్కనగును. వేడిమిచే సవరించిన బంకలో చిక్కదనము తగ్గినను ఉబ్బు గుణము నిలుచును. నీట కరగుట కష్టమైన నిమోడిపిన్ అను మందును త్వరగా కరగించుటకై ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు దీనిని పరీక్షించి 2002లో ఫలితములు ప్రకటించిరి. పట్టు పెంచుటకు వేరొక ఉపాయము గలదు. గంధకము, ఉదజని గల సమూహములను బంక అణువులకు చేర్చుదురు. మ్యూసిన్‌లోను గంధకము కలదు గనుక, ఇచట చిక్కుముడి మాత్రమే కాక నిజమైన రసాయనబంధమే ఏర్పడును. ఎంత పట్టున్నను హద్దు కలదు. జిగటపొరయే కొన్ని గంటలలో మారిపోవును. దానితో బిళ్లయు ఊడును.

ప్రయోగశాలలో ఎంత సవరించినను, మట్టియు బెరడుముక్కలును కలిసిన సరకునుండి ఒకే తీరు బిళ్లలు రావు. శుభ్రమైన లేతరంగు బంకకే మేలైన ధర. గొడ్డలితో లోతుగ నరికిన చెట్టు ఆ యేడు హెచ్చుగ కార్చినను క్రమముగ ఎండిపోవును. పైపైని గంటు పెట్టిన చెట్టునకు గాయము మానును, మరల బంక నిచ్చును.