మైకు లేకుండా వేలమందికి వినిపించిన గొంతు

బడి వార్షికోత్సవంలో పాట మధ్యలో మైకు ఆగిపోతే ఏమవుతుంది? వెనక వరుసలవాళ్ళు "వినబడటం లేదు" అని కేకలు వేస్తారు. పాడే పిల్ల గొంతు పెంచి అరుస్తుంది. రెండు మూడు నిమిషాల్లో గొంతు జీరబోతుంది. అయినా వెనకవాళ్ళకు వినబడేది అంతంతమాత్రమే.

ఐతే మైకే లేని కాలంలో, పదుల కొద్దీ వాద్యాలు ఒక్కసారిగా మోగుతుండగా, ఒంటరిగా నిలబడి వేలమందికి స్పష్టంగా వినిపించేటట్లు పాడినవారున్నారు. అలా పాడేవారు నేటికీ ఉన్నారు. వారే ఆపెరా గాయకులు. అదంతా కంఠబలమేనని మనం అనుకుంటాం. కాని ఉన్న బలమంతా వాడి, ఇరవయ్యేళ్ళకే గొంతు పాడుచేసుకొన్న ఒక అమ్మాయి కథ వింటే, అసలు రహస్యం వేరే ఉందని తెలుస్తుంది.

స్టాక్‌హోం అమ్మాయి

ఆపెరా అంటే సంగీత నాటకం. ఇది సుమారు 1600 ప్రాంతంలో ఇటలీలో రూపు దిద్దుకొంది. మన పద్యనాటకంలో మాటలూ పద్యాలూ కలిసి నడుస్తాయి గదా! ఆపెరాలో కథ చాలావరకు పాటగానే సాగుతుంది. వేదిక ముందు కొంచెం పల్లంలో వాద్యబృందం కూర్చుంటుంది. గాయకుని గొంతు ఆ బృందాన్ని దాటి ప్రేక్షకులను చేరాలి.

జెన్నీ లిండ్ 1820 అక్టోబరు 6న స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో పుట్టింది. తొమ్మిదేళ్ళ వయసులో ఆమె పాట ఒక నర్తకి ఇంటి పనిమనిషి చెవిన పడింది. ఆ నర్తకి పాపను పిలిపించి, పాట విని, రాజ నాటకశాలకు చెందిన బడిలో చేరడానికి దారి చూపింది. 1838 మార్చి 7న, పదిహేడేళ్ళ ప్రాయంలో, జెన్నీ జర్మన్ సంగీతకర్త వెబర్ రచించిన 'డెర్ ఫ్రైషుట్స్' ఆపెరాలో నాయికగా పాడింది. ఊరు ఊరంతా ఆమెను మెచ్చుకొంది.

ఆ మెప్పే ముప్పు తెచ్చింది. ఒక పాత్ర తర్వాత ఇంకొక పాత్ర, ఒక ఊరి తర్వాత మరొక ఊరు. గొంతుకు విశ్రాంతి లేదు, సరైన శిక్షణా లేదు. మూడేళ్ళు తిరిగేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది.

1841లో ఆమె పారిస్ వెళ్ళి, మాన్యుయెల్ గార్సియా అనే ప్రసిద్ధ సంగీతాచార్యుని ముందు పాడింది. ఆయన విని, గొంతు అరిగిపోయిందని నిర్మొహమాటంగా చెప్పాడు. కొన్ని వారాలపాటు పాడనే కూడదనీ, మాటలు కూడా తగ్గించాలనీ నియమం పెట్టాడు. ఇరవయ్యేళ్ళ గాయనికి అంతకంటె కఠినమైన మందు ఏముంటుంది? ఐనా జెన్నీ ఆ మాట పాటించింది. మళ్ళీ వెళ్ళినప్పుడు గొంతు కొంత కోలుకొన్నట్లు గార్సియా గుర్తించాడు. మన సంగీత విద్యార్థులు సరళీస్వరాలతో మొదలుపెట్టినట్లే, అంత పేరు పొందిన గాయని మళ్ళీ మొదటి మెట్టునుంచి ఆరంభించింది. ఊపిరిని ఎలా అదుపులో పెట్టాలో, స్వరాన్ని ఒత్తిడి లేకుండా ఎలా ఎత్తుకోవాలో సుమారు పది నెలలు నేర్చుకొంది.

గొంతులో జరిగేదేమిటి?

ఒక బుడగను ఊది, దాని మూతిని రెండువైపులా పట్టి సాగదీస్తూ గాలి వదలండి. కీచుమని శబ్దం వస్తుంది. ఇంకా గట్టిగా సాగదీస్తే శబ్దం మరింత సన్నబడుతుంది. మన స్వరపేటిక పనిచేసేది దాదాపు ఇలాగే. అందులో రెండు స్వరతంత్రులుంటాయి. తంత్రులు అన్నా, ఇవి వీణ తీగలవంటివి కావు, మెత్తని మడతలు. వీటి పొడవు పురుషులలో సుమారు 17 నుంచి 25 మిల్లీమీటర్లు, స్త్రీలలో సుమారు 12 నుంచి 17 మిల్లీమీటర్లు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి వీటిని విడదీస్తుంది. అవి వెంటనే మళ్ళీ కలుసుకొంటాయి. ఇలా విడిపోతూ కలుస్తూ ఉండటం వల్లనే ధ్వని పుడుతుంది.

అవి సెకనుకు ఎన్నిసార్లు కలుస్తాయో అదే ఆ స్వరం పౌనఃపున్యం. దీన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. వాద్యాలు శ్రుతి చేసుకొనేందుకు పాశ్చాత్యులు వాడే స్వరం 440 హెర్ట్జ్‌లు. ఆ స్వరం వద్ద ఒక గంటసేపు పాడితే స్వరతంత్రులు ఎన్నిసార్లు ఒకదానికొకటి తగులుతాయో లెక్కవేయండి: 440 × 3,600 = 15,84,000. అంటే దాదాపు పదహారు లక్షలసార్లు! ఆపెరాలో స్త్రీలు పాడే మిక్కిలి హెచ్చు స్వరాలు వెయ్యి హెర్ట్జ్‌లు కూడా దాటుతాయి. అలాంటప్పుడు బలవంతంగా అరిస్తే తాకిడి తీవ్రమై ఆ మడతలు వాస్తాయి. రోజూ అదే పని చేస్తే వాటిపై కాయకాచినట్లు చిన్న బొడిపెలు లేస్తాయి. అప్పుడు మడతలు పూర్తిగా కలవవు. సందులోంచి గాలి లీకవుతుంది. బొంగురుపోవడం అంటే ఇదే.

జెన్నీ గొంతులో కలిగిన మార్పును గార్సియా చెవితోనే పట్టుకొన్నాడు. ఎందుకంటే పాడుతున్న మనిషి స్వరతంత్రులను చూపే సులువైన సాధనం అప్పటికి లేదు. ఆ లోటు తీర్చినవాడు కూడా గార్సియానే! 1854లో ఆయన దంతవైద్యులు వాడే పొడుగు పిడి అద్దాన్ని కొన్నాడు. దాన్ని వేడినీటిలో వెచ్చబరచి తన గొంతు వెనుక పెట్టుకొన్నాడు. వెచ్చబరచకపోతే ఊపిరిలోని తేమకు అద్దం మసకబారుతుంది. ఇంకొక చేతి అద్దంతో సూర్యకాంతిని లోపలికి మళ్ళించాడు. తన స్వరతంత్రులు తెరుచుకొంటూ మూసుకొంటూ ఉండటం కళ్ళారా చూశాడు. 1855లో ఈ పరిశీలనలను లండన్‌లోని రాయల్ సొసైటీకి సమర్పించాడు. తర్వాతి కాలపు గొంతు వైద్యానికి ఆ చిన్న అద్దం ఎంతో ఉపకరించింది.

వాద్యాలను దాటే ఉపాయం

ఒకే శ్రుతిలో ఆ, ఈ, ఊ అని పాడండి. స్వరం మారదు, ధ్వని మాత్రం మారుతుంది. నోరు, నాలుక, గొంతుల ఆకారం మారినప్పుడల్లా లోపలి గాలి వేర్వేరు పౌనఃపున్యాలను బలపరుస్తుంది. దీన్నే అనునాదం అంటారు.

స్టాక్‌హోంలోనే పనిచేసిన యోహాన్ సుండ్‌బెర్గ్ అనే శాస్త్రవేత్త 1970 దశకంలో ఆపెరా గాయకుల గొంతులను జాగ్రత్తగా కొలిచాడు. వాద్యబృందపు ధ్వనిలో 500 హెర్ట్జ్‌ల దగ్గర బలం ఎక్కువ. అక్కడినుంచి పైకి పోయేకొద్దీ బలం తగ్గుతూ వస్తుంది. శిక్షణ పొందిన పురుష గాయకులు స్వరపేటికను కొద్దిగా కిందికి దించి, గొంతు వెనుక భాగాన్ని విశాలం చేస్తారు. దానివల్ల 3,000 హెర్ట్జ్‌ల దగ్గర వారి ధ్వనికి ప్రత్యేకమైన బలం వస్తుంది. అంటే వాద్యాలతో పోటీపడకుండా, వాద్యాలు బలహీనంగా ఉన్నచోట దారి చేసుకొంటారన్నమాట.

మన చెవి కూడా ఇందుకు తోడ్పడుతుంది. చెవి నాళం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు, లోపలి కొసన కర్ణభేరి మూసి ఉంటుంది. అలాంటి గొట్టంలో అనునాదం కలిగే తరంగం పొడవు గొట్టానికి నాలుగింతలు, అంటే 10 సెంటీమీటర్లు. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు అనుకొంటే పౌనఃపున్యం 3,400 హెర్ట్జ్‌లు. గాయకుడు బలపరచే ధ్వనులకు ఇది దగ్గరలోనే ఉంది!

జెన్నీవంటి హెచ్చుస్థాయి గాయనులది మరో ఉపాయం. స్వరం పైకి పోయేకొద్దీ వారు నోరు మరింత తెరుస్తారు. అప్పుడు నోటి అనునాదం సరిగ్గా ఆ స్వరంతో కలిసి, అదనపు శ్రమ లేకుండానే ధ్వని పెరుగుతుంది. ఐతే దీనికొక వెల చెల్లించాలి. అంత పైన ఆ, ఈ, ఊ అన్నీ ఇంచుమించు ఒకేలా వినిపిస్తాయి. హెచ్చుస్థాయిలో ఆపెరా పాట మాటలు తెలియకపోవడానికి ఒక కారణం ఇదే.

సముద్రాలు దాటిన పాట

1842లో జెన్నీ తిరిగి స్టాక్‌హోం వేదిక ఎక్కింది. అక్కడినుంచి కోపెన్‌హేగన్, బెర్లిన్, వియన్నా నగరాలు ఆమె పాట విన్నాయి. 1847లో లండన్‌లో మొదటిసారి పాడినప్పుడు విక్టోరియా రాణి కూడా వినవచ్చింది. పడమటివారికి నైటింగేల్ పిట్ట మనకు కోకిల వంటిది. జనం జెన్నీని 'స్వీడన్ నైటింగేల్' అని పిలుచుకొన్నారు. 1849లో ఆమె ఆపెరా వేదికను విడిచి కచేరీలకే పరిమితమైంది.

1850 సెప్టెంబరులో ఆవిరి ఓడ దిగి న్యూయార్క్‌లో అడుగుపెట్టేనాటికి ఆమెకు ఇంకా ముప్పై నిండలేదు. ప్రదర్శనల వ్యాపారి పి. టి. బార్నమ్ ఏర్పాటు చేసిన 93 కచేరీలలో ఆమె పాడింది. మధ్యలో క్యూబా రాజధాని హవానాకు కూడా వెళ్ళింది. వచ్చిన సొమ్ములో చాలా భాగాన్ని ధర్మకార్యాలకు, ముఖ్యంగా స్వీడన్‌లో పేదపిల్లల బడులకు ఇచ్చింది. చివరి దశలో లండన్‌లోని రాయల్ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పి, 1887లో కన్నుమూసింది. ఆమె గొంతును వినిపించే రికార్డు ఏదీ నేడు లేదు.

మీ గొంతు సంగతి

మీ వయసులో స్వరపేటిక త్వరగా పెరుగుతుంది. మగపిల్లల స్వరతంత్రులు పొడవై, మందమై, గొంతు సుమారు ఒక స్థాయి కిందికి దిగుతుంది. అంటే పౌనఃపున్యం దాదాపు సగమవుతుంది. మధ్యలో గొంతు చీలడం సహజం. ఎవరైనా నవ్వితే సిగ్గుపడనక్కరలేదు. ఆడపిల్లల గొంతులో కూడా మార్పు వస్తుంది, కాని కొద్దిగానే. ఈ రోజుల్లో బలవంతంగా పైస్థాయికి పాడకండి. ఆటస్థలంలో అదేపనిగా కేకలు వేయకండి. నీళ్ళు బాగా తాగండి. గొంతు జీరబోతే మాట తగ్గించి విశ్రాంతినివ్వండి. మూడు వారాలు దాటినా జీర పోకపోతే డాక్టరుకు చూపించండి.

పాటకు ఎంత సాధన కావాలో గొంతుకు అంత మౌనమూ కావాలి. ఈ పాఠం నేర్చుకొన్నందువల్లనే జెన్నీ లిండ్ గొంతు సముద్రాలు దాటింది.