పాత మినీ ట్రాక్టర్‌లో పట్టేసిన టై రాడ్ ఎండ్ తీయడం ఎలా?

మినీ ట్రాక్టర్ స్టీరింగ్‌లో ఆట ఎక్కువైందా? ముందు టైర్లు ఒకవైపే అరుగుతున్నాయా? టై రాడ్ ఎండ్‌లు ఒకసారి చూడండి. దమ్ము చేసేటప్పుడు రబ్బరు బూటు చిరిగి ఉంటే బురదనీరు లోపలికి చేరి జాయింట్ అరుగుతుంది, తుప్పు పడుతుంది. మార్చుదామంటే పాత ముక్క ఊడిరాదు.

ఎందుకు పట్టేస్తుంది?

జాయింట్ బోల్టు ఒకవైపు సన్నబడుతూ ఉంటుంది. స్టీరింగ్ ఆర్మ్ రంధ్రం కూడా అలాగే ఉంటుంది. నట్టు బిగించే కొద్దీ రెండూ చీల దిగినట్టు బిగుసుకుంటాయి. అందుకే నట్టు తీసినా ముక్క కదలదు. బోల్టు మర మీద సుత్తితో కొడితే మర చెడుతుంది తప్ప జాయింట్ వదలదు.

తీసే పద్ధతి

1. ట్రాక్టర్‌ను చదునైన చోట నిలిపి, ఇంజిన్ ఆపి, బ్రేకు వేయండి. వెనుక చక్రాలకు అడ్డు పెట్టండి. ముందు యాక్సిల్ లేపాక రెండు వైపులా గట్టి స్టాండ్లు పెట్టండి. జాకీని, ఇటుకలను నమ్మి కిందికి దూరవద్దు.

2. మట్టిని ఇనుప బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు వదిలించే ఆయిల్ వేసి రాత్రంతా నాననివ్వండి.

3. స్ప్లిట్ పిన్ తీసి, నట్టును నాలుగైదు చుట్లు మాత్రమే వదులు చేయండి. పూర్తిగా తీయకపోతే జాయింట్ ఒక్కసారిగా ఊడి మీద పడదు.

4. పుల్లర్ బిగించి, ఆర్మ్ రంధ్రం చుట్టూ ఉన్న ఇనుము పక్కభాగంపై సుత్తితో గట్టిగా కొట్టండి. ఎదురువైపు మరో బరువైన సుత్తి ఆనించి పట్టుకుంటే దెబ్బ బాగా పనిచేస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

5. రాడ్ నుంచి ఎండ్ విప్పే ముందు లాక్ నట్టు వదులు చేయండి. ఎన్ని చుట్లకు ఊడిందో రాసిపెట్టుకోండి. చాలా ట్రాక్టర్లలో ఒకవైపు ఎడమ మర ఉంటుంది. తిరగకపోతే బలవంతం చేయకుండా మర ఎటుందో చూడండి.

ఇవి చేయవద్దు

• గ్యాస్ మంట పెట్టవద్దు. లోపలి గ్రీజు వేడెక్కి జాయింట్ పేలవచ్చు, ఆర్మ్ బలం తగ్గవచ్చు. అప్పటికీ రాకపోతే మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి.
• అరిగిన జాయింట్‌ను వెల్డింగ్ చేయించి వాడవద్దు.

బిగించేటప్పుడు

రంధ్రాన్ని తుడిచి, గ్రీజు రాయకుండా పొడిగా బిగించండి. రాసుకున్నన్ని చుట్లే ఎండ్‌ను తిప్పి, లాక్ నట్టు బిగించండి. స్ప్లిట్ పిన్ కొత్తదే వేయండి. పాతది విరిగితే నట్టు ఊడి, రోడ్డు మీద ట్రాలీతో వెళ్తుండగా చక్రం మీ మాట వినదు. చివరగా ముందు టైర్ల మధ్య దూరాన్ని ఇరుసు ఎత్తులో ముందు, వెనుక కొలవండి. తేడా కంపెనీ పుస్తకంలో చెప్పినంతే ఉండాలి. రోడ్డెక్కే ముందు పొలంలో నెమ్మదిగా నడిపి, నట్లు మరోసారి చూసుకోండి.