దూరమునుండి ఆటలోనికి వచ్చు దారి

గడచిన వేసవి సెలవులలో కల్లూరులోని యొక గృహమున అక్కయు తమ్ముడును గలిసి యొక గ్రామమును నిర్మించిరి. అది మట్టితో గట్టినది కాదు; మైన్‌క్రాఫ్ట్ అను కంప్యూటరు ఆటలో గట్టినది. 2011వ సంవత్సరమున సంపూర్ణరూపమున వెలువడిన యీ యాటను మన విద్యార్థులలో నెరుగనివారు తక్కువ. తలిదండ్రులకొరకు మాత్రమే యీ మాట చెప్పుచున్నాము. ఆ గ్రామమునకు వారు సాగరు కాలువ నీరు తెచ్చిరి, తోట నాటిరి, రచ్చబండ గట్టిరి. ఆ లోకమంతయు ఇంటిలోని కంప్యూటరునందే భద్రపరుపబడి యున్నది. సెలవులు ముగిసినవి. అక్క హైదరాబాదులోని వసతిగృహమునకు బోయినది. ప్రతి ఆదివారము సాయంకాలము అక్కడినుండి ఆటలోనికి వత్తునని తమ్మునికి మాట యిచ్చి పోయినది.

రాలేకపోయినది. ఎన్నిమారులు ప్రయత్నించినను తెరమీద 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అను మాటయే కనబడెను. తండ్రిగారు ఇంటర్నెట్టు చాలదేమో యని యెక్కువ వేగముగల పథకమునకు డబ్బు కట్టిరి, ఫలము లేదు. పొరుగువారొకరు ఫైర్‌వాలును బొత్తిగా తీసివేయుమనగా పిల్లవాడట్లే చేసెను, ఫలము లేదు. ఇంటనున్న తంత్రమంతయు చెడగొట్టితివని చీవాట్లు మాత్రము వానికి దక్కినవి. ఆ దశలో మమ్ము పిలిచిరి. ఇట్టి చిక్కు మన ప్రాంతమున ననేక గృహములలో నున్నందున మేము కనుగొన్న దానిని ఇచ్చట వివరించుచున్నాము.

మొదట తెరమీది మాటను శ్రద్ధగా చదువవలెను. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వచ్చినచో, సామాన్యముగా మన పిలుపు ఆ యంత్రమునకు జేరినది గాని అచ్చట ఆట సర్వరు తెరచి యుండలేదని యర్థము. 'టైమ్డ్ అవుట్' అని వచ్చినచో పిలుపునకు ప్రత్యుత్తరమే లేదు. అది దారిలో నెచ్చటనో యడ్డగింపబడినది. 'అవుట్‌డేటెడ్' అను మాట వచ్చినచో దారి బాగుగనే యున్నది. ఇద్దరియొద్దనున్న ఆట కూర్పులు వేరువేరు, అంతియే. ఈ మూటికిని చికిత్సలు వేరు. చాలమంది మాట చదువకయే రౌటరును ఆర్పి వెలిగింతురు.

తరువాత దగ్గరనుండి దూరమునకు ఒక్కొక్క మెట్టుగా పరీక్షింపవలెను. సర్వరున్న కంప్యూటరునుండియే 'లోకల్‌హోస్ట్' అను పేరుతో ఆటలోనికి బోయి చూచితిమి, పోగలిగితిమి. అదే వైఫైమీద మరియొక కంప్యూటరునుండి చూచితిమి, అదియు సాగెను. అప్పుడు పిల్లవాడు తీసివేసిన ఫైర్‌వాలును మరల నిలిపి చూడగా, రెండవ కంప్యూటరునకు దారి మూసికొనిపోయెను. అడుగగా సంగతి తెలిసినది. సర్వరును మొట్టమొదట నడిపిననాడు విండోస్ అనుమతి యడిగినదట; ఇతడు భయపడి 'క్యాన్సిల్' నొక్కెనట. నాటినుండి విండోస్ జావాను బయటివారి కందనీయక అడ్డుచున్నది. ఫైర్‌వాలునంతను తీయుట యింటి తలుపులన్నియు నూడబెరుకుట వంటిది. జావా యను నొక్కదానికి, ఇంటి నెట్‌వర్కువరకు, అనుమతి యిచ్చితిమి, చాలినది.

ఇచ్చట నొక విషయము గమనింపదగినది. పొరుగువారి సలహా మోటుదే గాని, దానివలన నిజముగా నొక యడ్డు తొలగినది. అయినను అక్క రాలేదు. ఏలయన దానివెనుక వేరొక యడ్డును, దాని వెనుక మరియొకటియు నున్నవి. ఒకదాని వెనుక నొకటి లోపములున్నప్పుడు మొదటిదానిని సరిచేసినను ఫలము కనబడదు. అంతట మనుష్యుడు సరియైన చికిత్సను గూడ పనికిరాదని విడిచిపెట్టును. కావుననే మెట్టు మెట్టునకు వేరుగ పరీక్ష యుండవలెను.

రెండవ యడ్డు చిరునామా. తమ్ముడు అక్కకు 192.168.1.5 అను సంఖ్యను బంపెను. 192.168తో మొదలగు సంఖ్యలు ఇండ్లలోపలనే చెల్లును. లోకమందలి లక్షలాది గృహములలో ఇవే సంఖ్యలు గలవు. ఉత్తరముమీద ఊరు, వీధి వ్రాయక 'మధ్యగది' యని మాత్రము వ్రాసినచో తపాలా బంట్రోతు ఏమి చేయగలడు? బయటివారికి కావలసినది రౌటరునకు బయటివైపున నున్న చిరునామా.

ఆ చిరునామా తెలిసినను చాలదు. లోపలినుండి మనము పంపిన పిలుపును రౌటరు జ్ఞాపకముంచుకొని దాని ప్రత్యుత్తరమును మనకు జేర్చును; బయటివారు తమంతట పంపిన పిలుపు ఎవరికో తెలియక దానిని పారవేయును. కాలువ నిండుగా బారుచున్నను తూము తెరువనిదే మన చేనికి నీరు రాదు గదా. వేగము పెంచుటకు తండ్రిగారు కట్టిన డబ్బు కాలువను వెడల్పు చేసినది గాని తూమును తెరువలేదు. రౌటరులో 'పోర్ట్ ఫార్వర్డింగ్' అను చోట, ఫలానా సంఖ్యకు వచ్చిన పిలుపును ఫలానా యంత్రమునకు బంపుమని వ్రాయుటయే తూము తెరచుట. మైన్‌క్రాఫ్టు జావా కూర్పునకు ఆ సంఖ్య 25565, టీసీపీ. ఫోనులలో నాడు బెడ్‌రాక్ కూర్పునకు 19132, యూడీపీ. ఇంటి యంత్రపు సంఖ్య మారకుండ రౌటరులోనే దానిని స్థిరపరుపవలెను. లేనిచో నేడు తెరచిన తూము రేపు వేరొకరి చేనికి బారును. పిమ్మట పరీక్షను ఇంటి వైఫైనుండి చేయరాదు. తన బయటి చిరునామాకు లోపలినుండి వచ్చిన పిలుపును త్రిప్పి పంపలేని రౌటరులు పెక్కు గలవు. మొబైలు డేటా నాధారము చేసికొని పరీక్షింపవలెను.

ఇవన్నియు జేసితిమి. అయినను అక్క రాలేదు! అప్పుడు రౌటరు తనకు గలదని చెప్పుకొనుచున్న బయటి చిరునామాను, వెలుపలి లోకమునకు కనబడుచున్న మన చిరునామాను ప్రక్కప్రక్కన వ్రాసి చూచితిమి. రెండును వేరు. మొదటిది 100.72తో నారంభమగుచున్నది. మూడవ యడ్డు తెలిసిపోయినది.

దీనికి కొంత చరిత్ర కలదు. 1981లో నిర్ణయింపబడిన విధానము ప్రకారము ఇంటర్నెట్టు చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. అన్ని దేశములకు పంచిపెట్టు కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలో నయిపోయెను. అందుచేత పెక్కు కంపెనీలు ఒక్క చిరునామాను అనేక గృహములకు ఉమ్మడిగా నిచ్చుచున్నవి. అట్టి యుమ్మడి యేర్పాటునకై 100.64 మొదలు 100.127 వరకు గల సంఖ్యలను 2012లో ప్రత్యేకించిరి. అనగా మన తూమునకు పైన కంపెనీవారి తూమొకటి యున్నది. దాని తాళము మన చేత లేదు. మన రౌటరులో నెన్ని పోర్టులు తెరచినను పిలుపు మనవరకు రానే రాదు. పిల్లవాడు చెడగొట్టినది ఏమియు లేదని తండ్రిగారికి అప్పుడు నమ్మకము కలిగినది.

దీనికి దారులు కొన్ని గలవు. కంపెనీవారిని ప్రత్యేక చిరునామా యడుగవచ్చును. కొందరు రుసుము గైకొని యిత్తురు. ఇరువైపుల ఐపీవీ6 ఉన్నచో చిరునామాల కొరతయే లేదు, కాని రౌటరు ఫైర్‌వాలున అనుమతి వ్రాయవలెను. లోకమును అద్దె సర్వరుమీద నుంచవచ్చును. మైన్‌క్రాఫ్టువారికే 'రెల్మ్స్' అను అద్దె యేర్పాటు గలదు. మేము వేరొక దారి ద్రొక్కితిమి. టెయిల్‌స్కేల్, జీరోటియర్ వంటి సాధనములను రెండు కంప్యూటర్లలోను నిలిపినచో రెండును లోపలినుండి బయటికే పిలిచి, నడుమ నొక స్వంత దారి నేర్పరచుకొనును. ఎవరి తూమును తెరువ బనిలేదు. అవసరము తీరినందున మేము తెరచిన 25565ను మరల మూసివేసితిమి.

ఆ మూసివేతను గూర్చి తలిదండ్రులతో నొక్క మాట. తెరచిన పోర్టు అక్క కొక్కర్తెకే కాదు, లోకమంతకును తెరచినట్లే. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అను జావా భాగమున నొక లోపము బయటపడగా, ఆటలోని సంభాషణలో నొక వాక్యము వ్రాసినంత మాత్రమున పరుల సర్వరును వశపరచుకొన వీలయ్యెను. మైన్‌క్రాఫ్టువారు వెంటనే 1.18.1 అను కూర్పును విడుదలచేసిరి. పాత కూర్పులతో సర్వరు నడుపువారు నేటికిని గలరు! పోర్టు తెరువవలసినచో కూర్పు క్రొత్తది కావలెను, 'వైట్‌లిస్టు'న ఎరిగినవారి పేర్లే యుండవలెను.

ఆట ఆగి ఆగి సాగుట వేరు రోగము. కల్లూరునుండి ముంబయి సరళరేఖలో ఎనిమిదివందల కిలోమీటర్లకు పైగా నున్నది, సింగపూరు మూడువేలు. గాజు తీగలో వెలుతురు సెకనునకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. సింగపూరు పోయివచ్చుటకే ముప్పది మిల్లీసెకనులు పట్టును. ఏ పథకము గొన్నను అది తగ్గదు. దగ్గరి సర్వరు నెంచుకొనుట, వైఫైకి బదులు తీగ తగిలించుట మేలు.

ఆ ఆదివారము రాత్రి ఏడు గంటలకు అక్క ఆటలోనికి వచ్చినది. తాను లేనప్పుడు తమ్ముడు కాలువను తోటదాక త్రవ్వియుండుట చూచి, గట్టు వంకరగా నున్నదని మొట్టమొదట తగవులాడినది. ఇప్పుడు వారమువారము వచ్చుచున్నది. కరెంటు పోయినప్పుడు మాత్రము గ్రామమంతయు నొక్కసారిగా మాయమగుచున్నది. దానికి మాత్రము ఇన్వర్టరు కొనవలసినదే.