నదీగర్భమున మునిగిన నావ



మన హిందూపురము చెంత పెన్నయు, ధర్మవరము ప్రక్క చిత్రావతియు సంవత్సరములో నధికభాగ మిసుకబయళ్లుగనే యుండును. పెనుకొండ దుర్గము నీడను పెరిగిన స్త్రీలకు నీరనగా బావినీరే. బావిలో బిందె జారిపడినచో గాలము వేసి వెదకుటయు, అది దొరకనిచో నీతగాని బ్రతిమాలుటయు మన మెరిగినదే. అతడు మునుగును, మన మొడ్డున నూపిరి బిగబట్టుదుము, అతడు బిందెతో తేలును. ఈ యనుభవమును నమ్ముకొనియే 2019వ సంవత్సరమున మే మొక యన్యాయపు మాట పలికితిమి.

ఆ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీ యాదివారమునాడు, పాపికొండలు చూడబోవు యాత్రికులతో రాయల్ వశిష్ఠ యను పడవ దేవీపట్నము మండలములోని కచ్చులూరు కడ గోదావరిలో మునిగెను. అందున్న 77 మందిలో 26 మంది మాత్రమే బ్రతికిరి. కచ్చులూరు గ్రామస్థులు తమ పడవలలో వచ్చి వారిని గట్టునకు జేర్చిరి. తక్కినవారిలో పెక్కురి దేహములు దినక్రమమున దొరకెను గాని, కొందరు పడవతోగూడ నడుగుననే యుండిపోయిరి. తమవారి కడపటి చూపునకై తల్లులును భార్యలును కన్నీరుమున్నీరుగ వేచియుండిరి. "పడవ యున్న చోటు తెలిసినదట! ఇంతమంది మగవారుండియు దిగువా డొక్కడును లేడా?" యని యిరుగుపొరుగు స్త్రీలనగా, మేమును ఔననియే యంటిమి. తరువాత నా పని యెట్టిదో చదివి తెలిసికొని సిగ్గుపడితిమి.

నాడు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల నీరు పారుచుండెను. క్యూసెక్కనగా సెకనునకు నొక ఘనపుటడుగు, అనగా 28 లీటర్లకు మించిన నీరు. మన బిందె 14 లీటర్లు పట్టునదనుకొన్నచో, ప్రతి సెకనునకు 10 లక్షల బిందెల నీరు కొండల నడుమ నిరుకుదారిని పరుగిడుచున్నదన్నమాట. ప్రవాహవేగము రెండింతలైనచో మనిషిపై దాని త్రోపు నాలుగింత లగును. మూడింతలైనచో తొమ్మిదింత లగును. బావిలో మునుగువాని కీ శత్రువు లేడు.

ఇక లోతుమాట. వీపున గాలిసీసా కట్టుకొని మునుగు విధానమునకు స్కూబా యని పేరు. 1943లో ఫ్రాన్సుదేశమున జాక్ కుస్తో, ఎమీల్ గన్యాన్ అను నిరువురు నిర్మించిన పరికరముతో నిది లోకమున వ్యాపించినది. నీటిలో ప్రతి 10 మీటర్లకును, మన తలపైనున్న వాయుమండలమంత యొత్తిడి క్రొత్తగ వచ్చి చేరును. కచ్చులూరు కడ పడవ 200 అడుగులకు మించిన లోతున నున్నదని నాడు చెప్పిరి. అంత లోతున నొత్తిడి యేడింత లగును. సీసాలోని గాలియు నేడింతలు త్వరగ వ్యయమగును. పైన గంటసేపు వచ్చు గాలి యడుగున పది నిమిషములైన రాదు. 30 మీటర్లు దాటినపిమ్మట గాలిలోని నత్రజని మత్తుమందువలె బుద్ధిని మందగింపజేయును. పోనీ త్వరపడి పైకి వత్తమన్నచో, గోలీసోడా గోలీని నొక్కగనే బుడగలు పొంగినట్లు, దేహమున కరగియున్న నత్రజని బుడగలై కీళ్లనొప్పులను, పక్షవాతమును, ఒక్కొక్కయెడ మరణమునే తెచ్చును.

వరదనీటి బురదలో కన్ను లున్నను లేనట్లే. చేతితో తడవి చూడవలసినదే. మునిగిన పడవ జల్లెడ వంటిది. దాని కిటికీలగుండ నీరు పోవును గాని మనిషి పోలేడు. ప్రవాహ మతని నా కంతకు నొక్కిపట్టును. తెగిన త్రాళ్లును వంగిన కమ్ములును కాళ్లకు చుట్టుకొనును. చనిపోయినవారిని తెచ్చుటకు దిగినవాడు తానే యింకొక యింటి శోకమునకు కారణమగుట యెంతసేపు? ఆ దిగువానికిని తల్లి గలదు, ఆలు గలదు. మా నోట ఆనాడు మాట వచ్చునపుడు వారు మాకు జ్ఞాపకము రాలేదు.

జాతీయ విపత్తు స్పందన దళమువారును, నౌకాదళపు టీతగాండ్రును వెదకిరి. ధ్వనితరంగములతో నడుగును పరిశీలించు సోనారు యంత్రములను దెచ్చిరి. తుదకు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యముగారి బృందము పూనుకొనెను. వా రేమి చేసిరి? మనము బావిలో జేయు పనియే! లంగరులను నినుపత్రాళ్లను నదిలో విడిచి, పడవను తగిలించి గట్టువైపు లాగజూచిరి. త్రాళ్లు తెగెను, వరద పెరిగెను, పని యాగెను, మరల మొదలిడిరి. ప్రవాహము తగ్గి, పడవ యొడ్డునకు చేరువైన పిమ్మటనే విశాఖపట్టణమునుండి వచ్చిన మునుగరులు దిగి త్రాళ్లు కట్టిరి. అక్టోబరు 22న, 38వ దినమున, శిథిలమైన పడవ వెలికి వచ్చెను. అందు చిక్కుకొనిన కొన్ని దేహములు తమ యిండ్లకు చేరెను. ముందు గాలము, పిదప మనిషి. ఈ క్రమము పిరికితనము గాదు, వివేకము.

ఇది దూరదేశపు కథ యని యనుకొనరాదు. 2021 నవంబరులో మన చెన్నేకొత్తపల్లి మండలమున చిత్రావతి పొంగి పదిమంది నడియేట చిక్కుకొనగా, వాయుసేన హెలికాప్టరు వచ్చి వారిని గాపాడెను. ఎండిన యేటిని నమ్మి బిడ్డలను దాటింపజూచుట యెంత ప్రమాదమో దీనినిబట్టి తెలియును.

కావున సోదరీమణులారా, పడవ యెక్కునపుడు తేలుడుకోటు నడుగుడు. అందరికిని చాలినన్ని లేనిచో యాత్ర మానుకొనుడు. కచ్చులూరున బ్రతికినవారిలో ననేకు లా కోటు తొడుగుకొన్నవారే. ఉక్కపోసినను, భోజనవేళ యైనను, ఫోటో తీయువా డడిగినను దానిని విప్పకుడు. బిడ్డకు కట్టినపిమ్మట మీరును కట్టుకొనుడు. మన మా కోటు కట్టుకొనినచో, మనకొరకు వేరొక తల్లి కొడు కా చీకటినీట మునుగవలసిన పని యుండదు.