పాత్రచిత్రణ – వర్గం, అస్తిత్వం, బలహీనత

ఈ మధ్య నా పాత విద్యార్థి ఒకడు, ఇప్పుడు డిగ్రీ చదువుతున్నవాడు, ఒక కథ రాసి తెచ్చాడు. అందులో ఒక పెద్దరెడ్డి ఉన్నాడు. మీసం మెలివేస్తాడు, సుమోలో తిరుగుతాడు, బాంబులు వేయిస్తాడు, చివర్లో శవం ముందు ప్రతిజ్ఞ చేస్తాడు. కథ రాసిన పిల్లవాని తండ్రి బేతంచెర్ల వైపు నాపరాళ్ల గనిలో కూలి. "మీ ఊళ్లో ఇట్లాంటి రెడ్డిని చూసినావా?" అని అడిగాను. "సినిమాల్లో చూసినాను సార్" అన్నాడు, ఏ దాపరికమూ లేకుండా.

తప్పు వాడిదొక్కడిదే అనలేను. 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి', 2002లో వచ్చిన 'ఇంద్ర' వంటి చిత్రాలు సీమ మనిషికి ఒక మూస పోసి పెట్టాయి. ఆ మూసలో గనికూలీ ఇమడడు, గొర్రెలకాపరి ఇమడడు, బోరు ఎండిన రైతు అసలే ఇమడడు. అయితే సినిమాను తిట్టి ఊరుకుంటే సరిపోదు. మన అభ్యుదయ కథల్లో మాత్రం మూసలు లేవా? పొట్ట పెంచిన షావుకారు, కల్మషమెరుగని కూలీ, ఆఖరి పేరాలో పిడికిలి బిగించే యువకుడు – వీళ్లను మనమే పెంచాం. మొదటిది వ్యాపారపు మూస, రెండవది సదుద్దేశపు మూస. రెండింటిలోనూ మరుగున పడేది మనిషే.

వాస్తవికత అంటే వివరాలు నిజంగా ఉండటం మాత్రమే కాదనీ, ప్రాతినిధ్యం వహించే పరిస్థితుల్లో ప్రాతినిధ్యం వహించే పాత్రలను నిజంగా చిత్రించడమనీ ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో చెప్పాడు. ఈ మాటను మనం తరచుగా ఉదహరిస్తాం గాని సగమే ఆచరిస్తాం. పాత్రను పట్టుకుంటాం, పరిస్థితిని వదిలేస్తాం.

మా ప్రాంతపు పరిస్థితినే తీసుకుందాం. కథలో 'పదిహేనెకరాల ఆసామి' అని రాస్తే కృష్ణా గోదావరి డెల్టా పాఠకుడు భూస్వామి అనుకుంటాడు. కాని కె.సి. కాలువ కింద మూడెకరాలున్నవాడు తినే తిండి, మెట్టలో పదిహేనెకరాలున్నవాడు తినకపోవచ్చు. ఇక్కడ వర్గాన్ని భూమి ఒక్కటే నిర్ణయించదు, నీళ్లూ నిర్ణయిస్తాయి. నీళ్ల వెనుక బోరు, బోరు వెనుక అప్పు, అప్పు వెనుక వడ్డీ ఇచ్చినవాడు ఉంటారు. ఎకరాలు లెక్కపెట్టి పాత్ర వర్గాన్ని తేల్చే విమర్శకుడు ఇక్కడ తప్పులో కాలేస్తాడు.

ఆ పదిహేనెకరాల రైతు కరువుకు తాళలేక బెంగుళూరు పోయి ఏదో అపార్టుమెంటుకు కాపలా ఉంటాడనుకోండి. సొంత ఊళ్లో అతడు కూలికి పోడు, పోలేడు. ఊరు అడిగితే "కూతురింటికి పోయినా" అంటాడు. ఈ ఒక్క అబద్ధంలో మూడు విషయాలున్నాయి. పని చేస్తే తప్ప పూట గడవని వర్గస్థితి ఒకటి. కూలిపని తన కులానికి తలవంపు అనుకునే అస్తిత్వం మరొకటి. నిజం ఒప్పుకోలేని పిరికితనం మూడవది. పేజీల కొద్దీ వర్ణన చెప్పలేనిది ఆ అబద్ధం చెబుతుంది. అందుకే కొత్తగా రాసేవాళ్లతో నేను ఒక మాట అంటుంటాను: మీ పాత్ర ఏం నమ్ముతుందో తర్వాత చూద్దాం, ముందు అది ఎవరి దగ్గర, ఏ అబద్ధం చెబుతుందో కనిపెట్టండి.

అబద్ధం తర్వాత చూడవలసినది వస్తువు. కేతు విశ్వనాథరెడ్డి గారు ఒక కథకు 'దాపుడు కోక' అని పేరు పెట్టారు. ఆ మాటలోనే ఒక ఆర్థికశాస్త్రం ఉంది. కట్టుకునేది ఒకటి, నలుగురిలోకి పోయేటప్పటికని దాచుకునేది ఒకటి. బీరువా నిండా చీరలున్న ఇంట్లో ఆ మాట పుట్టదు. పాత్ర పేదదని రచయిత చెప్పనక్కరలేదు. ఆమె ఇంట్లో ఏ మాట పుడుతుందో వింటే చాలు.

మూడవది సంబోధన. మా పల్లెల్లో పదేళ్ల రెడ్డిపిల్లవాడు అరవై ఏళ్ల మాదిగ పెద్దను 'ఏరా' అన్న రోజులున్నాయి. ఆ పెద్ద అదే పిల్లవాణ్ణి 'చిన్నరెడ్డీ' అనేవాడు. ఈ రెండు పిలుపుల మధ్య దూరాన్ని కొలవలేని కథకుడు కుల సమస్య మీద ఎంత ఉపన్యసించినా వృథా. ఇక్కడ మన రచయితల లోపం ఒకటి చెప్పాలి. చాలామంది మాండలికాన్ని పేదపాత్రల నోట మాత్రమే పెడతారు. భూస్వామి పాఠ్యపుస్తకం మాట్లాడతాడు. కడప జిల్లాలో ఏ రెడ్డి అట్లా మాట్లాడతాడు? యజమానిదీ జీతగానిదీ ఒకే యాస. తేడా వచ్చేది తాసిల్దారు ముందు నిలబడినప్పుడు. యజమాని గొంతు పెరుగుతుంది, జీతగాని వాక్యం మధ్యలో ఆగిపోతుంది. యాసను పేదరికానికి గుర్తుగా వాడటం పాత్ర వర్గస్వభావాన్ని బయటపెట్టదు, రచయితది బయటపెడుతుంది.

అస్తిత్వం కులంతో ఆగదు. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలో ఒక తల్లి ఉంది. శుక్రవారం నమాజుకు పొమ్మని కొడుకును పోరిన మనిషి. 2007లో హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలాక, అదే తల్లి కొడుకును మసీదుకు పోవద్దంటుంది. ఆమె విశ్వాసం సన్నగిల్లలేదు, భయం దాన్ని దాటింది. ఒక సముదాయం మొత్తం మీద పడిన నీడను రచయిత ఒక తల్లి మాట మారడంలో చూపించాడు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' నవలలో బి.టెక్. చదివిన గొర్రెలకాపరుల పిల్లవాడు కరువు రోజుల్లో మందతో నల్లమలకు పోతాడు. పట్నంలో అతణ్ణి వెనక్కి లాగిన బెదురును రచయిత పుట్టుకతో వచ్చిన లోపంగా చూడడు. ఆ బెదురు ఎక్కడ పుట్టిందో, ఎక్కడ కరిగిందో అడవిలో నడిపించి చూపుతాడు.

ఇక బలహీనత. మనవాళ్లు వెనకాడేది ఇక్కడే. పేదవాడికి దోషం అంటగడితే శత్రువుకు ఆయుధం ఇచ్చినట్లవుతుందని భయం. గురజాడకు ఈ భయం లేదు. 'కన్యాశుల్కం'లో పెద్దకూతురు బుచ్చమ్మ వితంతువై కళ్లముందు ఉండగానే, అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు అమ్మజూపుతాడు. అతడు రాక్షసుడైతే నాటకం తేలికయ్యేది. మామూలు తండ్రి కావడం వల్లనే మనకు ఊపిరాడదు. దురాచారం దుర్మార్గుల వల్ల మాత్రమే నడవదు, మామూలు మనుషుల ఆశల మీద నడుస్తుందని ఆ పాత్ర చెబుతుంది.

ముఠాకక్షల సంగతీ అంతే. నాయకుని కోసం ప్రాణమిచ్చే అనుచరుణ్ణి వీరుణ్ణి చేస్తే అది సినిమా, అమాయకుణ్ణి చేస్తే కరపత్రం. అతనికి సేద్యం లేదు, ఉద్యోగం లేదు. నాయకుని అరుగు మీద కూర్చుంటే దొరికే మర్యాద ఒకటి ఉంది. ఆ మర్యాద రుచి అతనికి తెలుసు, దాని ధర కూడా తెలుసు. తెలిసీ పోతాడు. ఆ 'తెలిసీ' అన్నదాన్ని రాయగలిగినప్పుడే పాత్ర పుడుతుంది. పరిస్థితి దోషానికి కారణం చెబుతుంది. దోషాన్ని మాఫీ మాత్రం చేయదు.

1968లో కడప నుంచి 'సంవేదన' నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి గారు విమర్శకు మొహమాటం పనికిరాదని తన రాతతో చూపించారు. పాత్రచిత్రణకూ అది వర్తిస్తుంది. మనవాడని మొహమాటపడితే పాత్ర చస్తుంది.

ఇదంతా ఆ పిల్లవానికి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "మా నాయన గురించి రాయాలని ఉంది సార్. కాని రాయి మోసి మోసి రాత్రికి తాగొచ్చి మాయమ్మను కొట్టేది కూడా రాయాల గదా. చదివినోళ్లు మా నాయనను ఏమనుకుంటారు?"

దానికి నా దగ్గర తయారు జవాబు లేదు. గని సంగతి రాసి దెబ్బలు దాస్తే తల్లికి అన్యాయం. దెబ్బలు రాసి గని దాస్తే తండ్రికి అన్యాయం. రెండూ రాయాలి, ఒకదానికొకటి సాకు కాకుండా రాయాలి. అది కష్టమని మాత్రం చెప్పగలిగాను. కథ ఇంకా తేలేదు. పెద్దరెడ్డి కథను మాత్రం నా బల్ల మీదే వదిలి వెళ్లాడు.